విత్తనం కాదు, నీళ్లు కావాలి

చేపలు తగ్గిపోతున్నాయి అనగానే పట్నం నుంచి మనకు రెండు మాటలు వినిపిస్తాయి. పట్టేవాళ్లు ఎక్కువయ్యారు, అడ్డూ అదుపూ లేకుండా పట్టేస్తున్నారు అన్నది ఒకటి. చేప పిల్లలను వదులుతాం, అంతా సర్దుకుంటుంది అన్నది రెండోది. మొదటి మాటతో నేరం మన గాలం మీద, మన బుట్ట మీద పడుతుంది. రెండో మాటతో పుణ్యమంతా పాలిథిన్ సంచుల్లో పిల్లలను మోసుకొచ్చిన లారీకి పోతుంది. అసలు సంగతి ఈ రెండింటి నడుమ మాయమవుతుంది. చేప ఉండాలంటే ముందు చేప బతకగలిగే నీళ్లు ఉండాలి. ఆ నీళ్లను పాడు చేసినవాళ్ల పేరు ఈ రెండు మాటల్లోనూ లేదు.

ఈ వాదన చెప్పడానికి మేము ఏ అడవి వాగునో కాక హైదరాబాద్ పాతబస్తీని ఎంచుకున్నాం. చదువుల కోసం, కోచింగుల కోసం, ఉద్యోగాల కోసం మన పిల్లలు వేల మంది ఆ నగరానికి వెళుతున్నారు. చార్మినార్ చూడటానికి నయాపూల్ దాటేటప్పుడు అందరిలాగే ముక్కు మూసుకొని నడుస్తారు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈసారి ఆ వంతెన మీద కాసేపు ఆగండి. కింద పారుతున్నది నాలా కాదు, నది. తెలంగాణలో మన వాగులకు, చెరువులకు, అడవులకు ఏం చేయాలో నిర్ణయించే ఆఫీసులు ఈ ఊళ్లోనే ఉన్నాయి. వాళ్ల కళ్ల ముందున్న నదికి ఏం జరిగిందో తెలిస్తే, మనకు సంరక్షణ పాఠాలు చెప్పే అర్హత ఎవరికి ఎంత ఉందో తెలుస్తుంది.

ముందు చేప సంగతి మాట్లాడుకుందాం. చేపకు నీళ్లన్నీ ఒకటి కావు. కొండ వాగులో నీరు చల్లగా, వడిగా, రాళ్ల మీద ఎగిరిపడుతూ పారుతుంది. గాలి కలిసిన ఆ నీటిలో ప్రాణవాయువు ఎక్కువ. అక్కడ బతికే చిన్న చేపల్లో కొన్ని కొట్టుకుపోకుండా నోటితో రాయిని పట్టుకొని ఉంటాయి. రాతి మీది పాచి వాటికి తిండి. మహశీర్ లాంటి పెద్ద చేప గులకరాళ్లున్న పారే నీటిలో గుడ్లు పెడుతుంది. అదే వాగుకు ఎగువన చెట్లు నరికితే వాన నీటితో పాటు మట్టి కొట్టుకొచ్చి గులకరాళ్ల సందులు పూడుకుపోతాయి. గుడ్లకు చోటు ఉండదు. వల వేసినవాడు లేకుండానే చేప పోతుంది.

బొచ్చె, రోహు లాంటివి వరద చేపలు. వానాకాలం కొత్తనీరు వచ్చినప్పుడు ఎదురెక్కి, పొంగిన నీటి అంచుల్లో గుడ్లు పెడతాయి. కదలని చెరువులో అవి పెరుగుతాయి కానీ మామూలుగా గుడ్లు పెట్టవు. అందుకే 1957లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం సూదితో ఎక్కించి పెద్ద జాతి చేపల చేత గుడ్లు పెట్టించడం మన దేశానికి అంత పెద్ద వార్త అయింది. ఆ రోజు జులై 10. ఇప్పుడు జాతీయ చేప రైతుల దినంగా జరుపుకుంటున్నది దాన్నే. అది గొప్ప పని, కాదనం. కానీ దాని అర్థం కూడా గ్రహించాలి. హేచరీలో పుట్టిన పిల్లను చెరువులో వదులుతున్నామంటే, ఆ చేపకు కావలసిన వరద నీరు అక్కడ లేదని ఒప్పుకుంటున్నట్టే. విత్తనం నదికి బదులు పెట్టుకున్న ఏర్పాటు. బదులును చూపించి అసలును మరిపించకూడదు.

కొర్రమీను తీరు మళ్లీ వేరు. దానికి పైకి వచ్చి గాలి పీల్చుకునే అవయవం ఉంది. ఎండాకాలం చెరువు అడుగంటితే బురదలో దాగి ప్రాణం నిలుపుకుంటుంది. వానలు పడ్డాక లోతు తక్కువ నీటిలో, నాచూ గడ్డీ ఉన్నచోట గూడు చేసుకుంటుంది. ఎర్రెర్రగా కనిపించే పిల్లల మంద నీటిపైన ఆడుతుంటే తల్లీతండ్రీ కింద కాపలా తిరుగుతాయి. ఆ సమయంలో పెద్ద చేపను కొడితే మంద మొత్తం ఇతర చేపల పాలవుతుంది. మంద కనిపించినప్పుడు కొట్టొద్దని చెప్పే పెద్దలకు జీవశాస్త్రం డిగ్రీ లేకపోవచ్చు. వాళ్లు చెప్పేది మాత్రం జీవశాస్త్రమే.

ఇక మూసీని చూద్దాం. ఈ నది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే అడవిలో పుట్టిన నది. గోల్కొండ నుంచి అవతలి ఒడ్డుకు దాటడానికి 1578లో పురానాపూల్ కట్టారు. అంత పొడవైన వంతెన కావలసినంత నది ఇక్కడ ఉండేది. 1908 సెప్టెంబరు 28న వరద వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్, ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, ఇంకోటి 1927లో పూర్తయ్యాయి. జనం ప్రాణాలు కాపాడటానికి, తాగునీటికి కట్టినవి అవి. వాటిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కానీ అప్పటి నుంచి నగరంలోకి వచ్చే మంచినీరు గేట్లు ఎత్తిన రోజుల్లోనే వస్తుంది. మిగతా రోజుల్లో నదిలో పారేది నగరం వదిలిన మురుగు. మంచినీటిని పైన ఆపి, ఖాళీ అయిన కడుపులో మురుగు నింపారు. ఆ నిర్వాకానికి ఏ వరదా కారణం కాదు, ఏ జాలరీ కారణం కాదు.

మురుగు చేపను ఎలా చంపుతుందో కూడా పిల్లలకు చెప్పాలి. విషం కలిస్తేనే చేప చస్తుందని చాలామంది అనుకుంటారు. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటాయి. చేపకు మిగలదు. చేపలు, ఇతర జీవులు వృద్ధి చెందాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం పెట్టింది. ఇలాంటి నీటికి ‘డి’ తరగతి అని పేరు. అంటే మనుషులు తాగడానికీ, స్నానానికీ పెట్టిన తరగతుల కన్నా కిందిది. ఆ కింది మెట్టు కూడా పాతబస్తీ మూసీకి అందని మెట్టుగా మారింది. ఇలాంటి నీటిలో పైకి వచ్చి గాలి మింగగలిగిన చేపలు, తిలాపియా లాంటి మొండి చేపలు కొంతకాలం నెగ్గుకొస్తాయి. నీటి నుంచే ఊపిరి తీసుకోవలసినవి మొదట పోతాయి. కాబట్టి “అక్కడ చేపలున్నాయిగా” అని ఎవరైనా అంటే, ఏ చేపలు అని అడగాలి. ఏ చేప మిగిలిందో చెబితే ఆ నీళ్లు ఎలాంటివో తెలిసిపోతుంది.

నది నుంచి పక్కనున్న చెరువుకు పోదాం. పాతబస్తీకి పడమర అంచున మీరాలం చెరువు ఉంది. 1804 నుంచి 1808 దాకా నిజాం దివానుగా ఉన్న మీర్ ఆలం పేరు దానికి. 21 అర్ధచంద్రాకార కమానులను వరుసగా పేర్చి కట్టిన దాని కట్టను చూడటానికి ఇంజినీర్లు ఇప్పటికీ వస్తారు. జంట జలాశయాలు రాకముందు నగరం తాగింది ఈ నీళ్లే. ఇప్పుడు అందులోకి మురుగు వస్తున్నది, పైన గుర్రపు డెక్క అల్లుకుంటున్నది. ఆ డెక్క దుప్పటిలా కప్పేస్తే కిందికి వెలుతురు దిగదు, గాలి కలవదు. చెరువు పక్కనే జూపార్కు. అక్కడికి కొంత దూరంలో, రాజేంద్రనగర్ వైపు ఎక్స్‌ప్రెస్‌వే పక్కన, జాతీయ మత్స్య అభివృద్ధి మండలి భవనం ఉంది. ఆ భవనాన్ని అచ్చం చేప ఆకారంలో కట్టారు. ఫొటోలు తీసుకోవడానికి జనం ఆగుతారు. సిమెంటుతో అంత పెద్ద చేపను కట్టగలిగిన దేశం, దానికి దగ్గర్లోని చెరువులో మట్టగిడస బతికేలా నీళ్లను ఉంచలేకపోయింది. మనం తీయవలసిన ఫొటో అది.

మృగశిర కార్తె రోజు సంగతి కూడా చెప్పుకోవాలి. పాతబస్తీ దూద్‌బౌలిలో బత్తిని కుటుంబం మొదలుపెట్టిన చేప ప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచి ఉబ్బసం ఉన్నవాళ్లు వస్తారు. తర్వాత అది నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. అది మందా కాదా అన్న వాదన డాక్టర్లు, హేతువాదులు చేస్తూనే ఉన్నారు. ఆ వాదన ఇక్కడ మా పని కాదు. మేము అడిగేది వేరు. ఆ ఒక్క రోజుకు కావలసిన వేల కొర్రమీను పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? పక్కనున్న మూసీ నుంచి కాదు. మత్స్యశాఖ వేరే చోట్ల నుంచి తెప్పించి పెడుతుంది. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. దాన్ని నమ్మి వచ్చేవాళ్లు లక్షల్లో ఉన్నారు, కొనేవాళ్లు ఉన్నారు, బొమ్మలు వేసేవాళ్లు ఉన్నారు. దానికి కావలసిన నాచు ఉన్న నిస్సారపు ఒడ్డు, గడ్డి పెరిగిన చెరువు శిఖం మాత్రం ప్లాట్లు అయిపోతున్నాయి. రాష్ట్ర చేప అని ప్రకటించడం తేలిక. చెరువు శిఖాన్ని కాపాడితే ఓట్లేసే, నోట్లిచ్చే పెద్దమనుషులకు కోపం వస్తుంది.

చెరువులో నీళ్లు చెడ్డాక ఏం వదిలితే అది బతకదు. అందుకే ఎలాంటి నీటిలోనైనా బతికేదాన్ని తెస్తారు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అలా వచ్చింది. చూడటానికి మన మార్పు లాగే ఉంటుంది, త్వరగా పెరుగుతుంది, కోళ్ల వ్యర్థాలు వేసినా తింటుంది, దొరికితే తోటి చేపలనూ తింటుంది. 2000లో కేంద్రం దీని పెంపకాన్ని నిషేధించింది. అయినా హైదరాబాద్ చుట్టుపక్కల గుంటల్లో దొంగచాటుగా పెంచుతున్నారనీ, అధికారులు పట్టుకొని పూడ్చిపెట్టారనీ వార్తలు వస్తూనే ఉంటాయి. వానాకాలం గుంట పొంగితే అది వాగులోకి వస్తుంది. వాగు నుంచి నదికి, నది నుంచి మన ఊరి మడుగుకు రావడానికి దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదులుతున్నది. చేపలు పట్టి బతికే గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాలకూ మన గిరిజన సంఘాలకూ దానివల్ల ఆదాయం వస్తే మాకు సంతోషమే. మా గొడవ దాన్ని సంరక్షణ అని పిలవడం మీద. చెరువు చేపల పెంపకం వ్యవసాయం లాంటిది. వరి నాటి అడవిని కాపాడామని ఎవరైనా అంటే నవ్వుతాం కదా. చేప విషయంలో మాత్రం టన్నుల లెక్క చెప్పి నదిని కాపాడామంటే తలలూపుతున్నాం.

నీళ్లే ముందు అని మేమంటున్నది అడవి మనుషుల అమాయకపు మాట అనుకునేవాళ్ల కోసం లండన్ కథ చెబుతాం. 1957లో అక్కడి ప్రకృతి చరిత్ర మ్యూజియం థేమ్స్ నదిని జీవం లేని నదిగా తేల్చింది. మురుగు శుద్ధి కేంద్రాలను బాగు చేశాక చేపలు వాటంతట అవే తిరిగొచ్చాయి. ఇప్పుడు వందకు పైగా రకాలు ఉన్నాయి. అదే నదిలో సాల్మన్ కోసం ఏళ్ల తరబడి పిల్లలను వదిలారు. ఆ తర్వాత నదిలో దొరికిన సాల్మన్‌లను ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జన్యు పరీక్ష చేసి 2011లో ఫలితం చెప్పారు. అవి వదిలిన పిల్లల సంతానం కాదు. ఇరుగుపొరుగు నదుల నుంచి తమంతట తాము దారి వెతుక్కొని వచ్చినవి. అంతకన్నా మనకు దగ్గరి కథ అమెరికాలోని ఎల్వా నదిది. చేపలు ఎక్కే దారి లేకుండా కట్టిన రెండు ఆనకట్టలను తీసేయాలని అక్కడి క్లాలమ్ ఆదివాసులు దశాబ్దాలు పోరాడారు. 2011లో కూల్చడం మొదలై 2014కు ముగిసింది. సాల్మన్ ఎగువకు ఎక్కింది. మన గోదావరిలో 1852లో కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోయే పులసకు అలాంటి దారి చూపమని అడిగిన గొంతు ఎంత పెద్దదో మీరే ఆలోచించండి.

ఇక అసలు పేచీకి వద్దాం. తన నదిని పాడు చేసుకున్న నగరం దాహం ఎలా తీర్చుకుంటున్నది? మంజీర నుంచి, నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి. చాలక, మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లను జంట జలాశయాలకు తెచ్చి మూసీలోకి వదిలే పథకానికి 2025లో శంకుస్థాపన చేశారు. గోదావరిలోకి నీళ్లు పంపే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అడవులెవరివి? గోండుల, కోయల, కొండరెడ్ల ఇళ్లున్న అడవులు అవి. మురుగును ఆపకుండా మన నది నీళ్లు పోసి కడిగితే మూసీ బాగుపడదు, పలచబడుతుంది. ఒక నదిలో చేప చచ్చిన తప్పుకు ఇంకో నదిలో చేప నీళ్లు కోల్పోతుంది. మరోవైపు, ఆ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకుండా 1996లో తెచ్చిన 111 జీవో ఆంక్షలను 2022లో ఎత్తివేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. సొంత నీటి పరీవాహకాన్ని అమ్మకానికి పెట్టి, వందల కిలోమీటర్ల అవతలి నీటిని పంపులతో ఎత్తిపోయడాన్ని అభివృద్ధి అంటున్నారు.

నదిని బాగు చేస్తామన్నప్పుడు మొదట కదిలించేది ఎవరిని? 2024లో మూసీ గర్భంలోని ఇళ్ల గోడల మీద ఎర్ర గుర్తులు పడ్డాయి. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లు కూలాయి. డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చామన్నారు. ఇల్లు ఇచ్చినా పని దొరికే చోటు, పిల్లల బడి, ఇరుగుపొరుగు సంచిలో పెట్టి ఇవ్వలేరు కదా. మనకు ఇది కొత్త కథ కాదు. కవ్వాల్ పులుల అడవిలో మైసంపేట, రాంపూర్ గ్రామాలను బయటకు తెచ్చినప్పుడూ, పోలవరం కింద కోయ, కొండరెడ్డి ఊళ్లను ఖాళీ చేయించినప్పుడూ విన్నదే. ఆక్రమణలు నదికి మంచివని మేము అనడం లేదు. వరద వస్తే మొదట మునిగేది ఆ పేదలే. కానీ ఫ్యాక్టరీ పైపుకు, కాలనీల మురుగుకు, చెరువును పూడ్చి లేచిన అపార్టుమెంటుకు ముందు గుర్తు వేసి, ఆ తర్వాత పేదవాడి గోడ దగ్గరికి రావాలి. పాతబస్తీ బస్తీవాసుల బాధ మనకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు.

మన ఇళ్ల వైపు కూడా చూసుకోవాలి. జిలెటిన్ పేల్చి, బ్లీచింగ్ పౌడరు కలిపి చేపలు పట్టే పద్ధతి వాగుల్లోకి వచ్చింది. అది మన పెద్దల పద్ధతి కాదు. గాలం పెద్ద చేపను పట్టుకుంటుంది. జిలెటిన్ గుడ్డునూ పిల్లనూ పురుగునూ కలిపి చంపుతుంది. దాన్ని ఆపే బాధ్యత ఫారెస్టు గార్డుకు వదిలితే కేసు అమాయకుడి మీద పడుతుంది. ఆపవలసింది గ్రామసభ. ఆ అధికారం మనకుంది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ చేపల మీద, నీటి వనరుల ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తించింది. ఐదో సెక్షన్ నీటి పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. పోడు పట్టాల కోసం ఎన్ని దరఖాస్తులు పెట్టామో, వాగు కోసం, మడుగు కోసం ఎన్ని పెట్టామో లెక్క చూసుకుందాం.

అందుకని ఈ పుస్తకం చదివే టీచర్లకు మా మనవి. మీ బడి పక్కన వాగో చెరువో ఉంటుంది. పిల్లల చేత ఒక నోటు పుస్తకం పెట్టించండి. ఏ నెలలో నీళ్లు ఎంత, ఏ చేప ఎక్కడ దొరికింది, ఎప్పుడు ఎదురెక్కింది, ఏ మడుగు ఎండాకాలం కూడా ఎండదు, ఏ చేపను గోండిలో, కోయలో, కొలామీలో ఏమంటారు, అన్నీ రాయించండి. ఆ పుస్తకాన్ని గ్రామసభ తీర్మానానికి జతచేస్తే అది మన హక్కు పత్రానికి సాక్ష్యం అవుతుంది. తాతలను బడికి పిలవండి. వాళ్లు చెప్పింది సైన్సు పీరియడ్‌లోనే రాయించండి, సాంస్కృతిక కార్యక్రమానికి దాచకండి.

నగరంలో ఉన్న యువతకు మా మాట ఇది. పాతబస్తీ మూసీ మనకు పరాయిది కాదు. నయాపూల్ దగ్గర, పురానాపూల్ దగ్గర నీటిలో ప్రాణవాయువు ఎంత ఉందో ప్రతి నెలా బోర్డు మీద రాసి పెట్టాలని అడగండి. అది 4 దాటేదాకా నది ఒడ్డున పార్కులకూ, లైట్లకూ, షాపులకూ రూపాయి ఖర్చు చేయొద్దనండి. శుద్ధి చేయని మురుగు ఒక్క పైపు కూడా నదిలో పడకూడదనండి. జంట జలాశయాల పరీవాహకాన్ని కాపాడమనండి. మన నదుల నుంచి నీళ్లు తీసుకునే ముందు మన గ్రామసభలను అడగమనండి. బస్తీ నుంచి కదిలించవలసి వస్తే ఆ బస్తీవాళ్లు ఒప్పుకున్నాకే కదిలించమనండి.

జల్, జంగల్, జమీన్ అని కొమరం భీం పేరుతో మనం చెప్పుకుంటాం. 1940లో జోడేఘాట్‌లో ఆయనను చంపిన పాలన రాజధాని ఈ మూసీ ఒడ్డే. ఆ మూడు మాటల్లో జమీన్ కోసం చాలా కొట్లాడాం, జంగల్ కోసం కొట్లాడుతున్నాం. మొదటి మాట జల్. దాని కోసం వచ్చే గ్రామసభలోనే దరఖాస్తు పెడదాం.